మీకు తెలుసా? జపాన్‌లో అమెరికావాళ్లు ఎక్కడ తడబడతారు?

జపాన్‌లో సుమారు 60 వేల మంది అమెరికన్లు నివాసముంటున్నారు. సైనిక స్థావరాల్లో ఉండేవాళ్లు ఈ లెక్కలోకి రారు. ఇంగ్లిష్ టీచర్లు, ఐటీ ఉద్యోగులు, బేస్‌బాల్ ఆటగాళ్లు, అక్కడివాళ్లను పెళ్లి చేసుకుని స్థిరపడినవాళ్లు... అందరూ ఉన్నారు. పచ్చి చేప తినడం, తలవంచి నమస్కరించడం, నేలమీద కూర్చోవడం వంటివన్నీ విమానం ఎక్కకముందే చదువుకుని వస్తారు కాబట్టి అక్కడ పెద్దగా ఇబ్బంది పడరు. 'ఇది మా ఊళ్లోనూ ఉన్నదే కదా' అనుకుని ధీమాగా అడుగేసిన చోటే కాలు జారుతుంది. అలాంటి చోట్లు కొన్ని చూద్దాం.

డాలస్‌లో ఐసు దుకాణం, టోక్యోలో సర్వం

సెవెన్ ఎలెవెన్ 1927లో అమెరికాలోని డాలస్‌లో పుట్టింది. ఐసు గడ్డలు అమ్మే చోట పాలు, గుడ్లు, బ్రెడ్డు కూడా పెట్టడంతో మొదలైన వ్యాపారమది. జపాన్‌లో తొలి దుకాణాన్ని 1974 మే 15న టోక్యోలోని తోయోసులో తెరిచారు. మొదటి బేరం ఏమిటో తెలుసా? చలువ కళ్లద్దాలు! ఆ తర్వాత అమెరికాలోని అసలు కంపెనీ అప్పుల్లో కూరుకుపోతే, 1991లో జపాన్ వాళ్లే దాన్ని చేజిక్కించుకున్నారు. ఇప్పుడు ఒక్క జపాన్‌లోనే 20 వేలకు పైగా దుకాణాలున్నాయి.

పెట్రోలు పోయించుకుంటూ ఓ కాఫీ కొనుక్కునే చోటుగా మాత్రమే దాన్నెరిగిన అమెరికన్లు ఇక్కడ దాని అవతారం చూసి నోరెళ్లబెడతారు. కరెంటు బిల్లు, పన్నులు అక్కడే కట్టొచ్చు. పార్సిల్ పంపొచ్చు, కచేరీ టికెట్ తీసుకోవచ్చు, నివాస ధ్రువపత్రం ప్రింటు తీసుకోవచ్చు. విదేశీ కార్డు పెడితే డబ్బిచ్చే ఏటీఎం కొత్తగా దిగినవాళ్లకు తేలిగ్గా దొరికేదీ అక్కడే.

అమెరికా పట్టించుకోని సీటు

జపాన్ టాయిలెట్ అనగానే గుర్తొచ్చే నీళ్లు చిమ్మే సీటుకు అమెరికా మూలాలున్నాయి. నీళ్లతో కడిగి, వేడిగాలితో ఆరబెట్టే ఓ సీటును టోటో కంపెనీ 1964లో అమెరికా నుంచి దిగుమతి చేసుకుంది. అప్పట్లో అది ముఖ్యంగా ఆసుపత్రుల కోసం. సొంత దేశంలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. టోటో దాన్ని బాగుచేసి, 1980లో 'వాష్‌లెట్' పేరుతో అమ్మకానికి పెట్టింది. నేడు జపాన్‌లో అత్యధిక ఇళ్లలో ఇలాంటి సీట్లే.

కాగితంతో పెరిగిన అమెరికన్‌కు గోడమీద వరసగా బటన్లు కనిపిస్తే అయోమయమే. ఏది నొక్కితే ఏమవుతుందో తెలియక తిప్పలు పడే విదేశీయుల కోసం తయారీ సంస్థలన్నీ కలిసి 2017లో బటన్ల మీది బొమ్మలను ఒకే తీరుకు తెచ్చాయి. లోపలి శబ్దం బయటికి వినపడకుండా నీళ్లు పారుతున్న చప్పుడు చేసే పరికరం కూడా ఉంటుంది. అది 1988లో వచ్చింది. నీళ్లకు అలవాటుపడ్డ తెలుగువాళ్లకు మాత్రం ఇందులో వింతంతా బటన్లలోనే.

ప్లగ్గు పడుతుంది, గడియారం వెనకబడుతుంది

అమెరికా నుంచి తెచ్చిన రెండు పుల్లల ప్లగ్గు జపాన్ సాకెట్లో చక్కగా కూర్చుంటుంది. అక్కడితో నిశ్చింత అనుకుంటే పొరపాటే. అమెరికాలో 120 వోల్టులు, జపాన్‌లో 100. పైగా జపాన్‌కు కరెంటు ఒకటి కాదు, రెండు రకాలు. 19వ శతాబ్దం చివర్లో టోక్యో జర్మనీ జనరేటర్లు కొన్నది, ఒసాకా అమెరికావి కొన్నది. అందువల్ల తూర్పున 50 హెర్ట్జ్, పడమట 60 హెర్ట్జ్. ఈ రెంటికీ హద్దు ఫుజి నది దగ్గర.

అమెరికాలోనూ 60 హెర్ట్జే కాబట్టి, కరెంటు వేగాన్ని బట్టి నడిచే పాతరకం టేబుల్ గడియారాన్ని ఒసాకాలో పెడితే టైము సరిగ్గా చూపిస్తుంది. అదే టోక్యోలో పెడితే గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది. ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. 2011 మార్చి భూకంపం తర్వాత టోక్యో ప్రాంతం కరెంటు కొరతతో సతమతమవుతుంటే, పడమటి కరెంటును మార్చి తూర్పుకు పంపగల సామర్థ్యం సుమారు 10 లక్షల కిలోవాట్లే ఉండటంతో ఒసాకా వైపు నుంచి పెద్దగా సాయం అందలేదు.

గెలుపూ లేదు, ఓటమీ లేదు

బేస్‌బాల్‌ను జపాన్‌కు పరిచయం చేసింది అమెరికన్ ఉపాధ్యాయుడు హొరేస్ విల్సన్. 1872లో టోక్యోలోని తన విద్యార్థులతో ఆడించాడు. బంతి అదే, బ్యాటు అదే. కానీ ఆటలోకి దిగాక అమెరికా ఆటగాళ్లకు తేడా తెలుస్తుంది. వాళ్ల మేజర్ లీగ్‌లో అర్ధరాత్రి దాటినా సరే, విజేత తేలేదాకా ఆడాల్సిందే. జపాన్ లీగ్‌లో 12 ఇన్నింగ్స్ అయ్యాక స్కోర్లు సమంగా ఉంటే ఆట డ్రా.

1985లో హన్షిన్ టైగర్స్ తరఫున ఆడిన అమెరికన్ ర్యాండీ బాస్ 54 హోమ్ రన్లు కొట్టాడు. 1964లో సదహరు ఓ నెలకొల్పిన 55 రికార్డుకు ఒక్కటే తక్కువ. సీజన్ చివరి మ్యాచ్ యోమియురి జెయంట్స్‌తో. ఆ జట్టు మేనేజరు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ సదహరు ఓ! ప్రత్యర్థి పిచ్చర్లు బాస్‌కు కొట్టగలిగే బంతి దాదాపు వేయనేలేదు. రికార్డు అప్పటికి అలాగే మిగిలింది.

కాలువలో కల్నల్

అదే ఏడాది హన్షిన్ లీగ్ గెలిచినప్పుడు ఒసాకా అభిమానులు దోతోన్‌బొరి కాలువ వంతెన మీద చేరారు. ఒక్కో ఆటగాడి పేరు పిలవడం, అతని పోలికలున్న అభిమాని నీళ్లలోకి దూకడం... అదీ సంబరం. గడ్డం ఉన్న బాస్‌ను పోలినవాడు దొరక్క, పక్కనున్న కేఎఫ్‌సీ దుకాణం ముందరి కల్నల్ శాండర్స్ బొమ్మను తెచ్చి పడేశారు. కొన్ని వారాలకే హన్షిన్ జపాన్ సిరీస్ కూడా గెలిచింది కానీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ కప్పు దక్కలేదు. ఇదంతా కల్నల్ శాపమేనని జనం చెప్పుకున్నారు. 2009లో బొమ్మను కాలువలోంచి బయటికి తీశారు. కప్పు మళ్లీ వచ్చింది మాత్రం 2023లో, 38 ఏళ్లకు.

క్రిస్మస్‌కు చికెన్ ఆర్డరిచ్చారా?

కల్నల్ గారి మాటొచ్చింది కాబట్టి మరొకటి. 1974లో కేఎఫ్‌సీ జపాన్ 'క్రిస్మస్‌కు కెంటకీ' అని ప్రచారం మొదలుపెట్టింది. అది ఎంతగా నాటుకుందంటే, ఇప్పటికీ డిసెంబరు 24 సాయంత్రం కోసం జనం వారాల ముందే ఆర్డరిస్తారు. టర్కీ కోడిని కాల్చుకుని ఇంట్లో తినే అమెరికన్లకు, పండగ పూట ఫాస్ట్‌ఫుడ్ కోసం బారులు తీరడం విడ్డూరం.

పోనీ ఇంట్లోనే టర్కీ కాలుద్దామంటే, జపాన్ వంటిళ్లలో పెద్ద ఓవెన్ ఉండటం అరుదు. స్టవ్ కింద చేపలు కాల్చుకునే చిన్న అర ఉంటుంది, మహా అయితే మైక్రోవేవ్‌తో కలిసిన చిన్న ఓవెన్. కోడి పట్టదు. డిసెంబరు 25 సెలవు కూడా కాదు, మామూలుగా ఆఫీసుకెళ్లాల్సిందే. కుటుంబమంతా ఒకచోట చేరేది కొత్త సంవత్సరానికి.

టోక్యోకు అమెరికా పెట్టిన వీధి పేర్లు

జపాన్‌లో చాలా వీధులకు పేర్లుండవు. చిరునామాలో పేట పేరు, దాని విభాగం అంకె, ఆ లోపల ఇళ్ల సముదాయం అంకె, ఆపైన ఇంటి అంకె ఉంటాయి. పాత పేటల్లోనైతే ఇళ్ల అంకెలు వరసగా కూడా ఉండవు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టోక్యోను ఆక్రమించిన అమెరికా సైన్యం ఈ పద్ధతితో విసిగి, సొంత పేర్లు పెట్టేసింది. చక్రవర్తి కోట నుంచి బయటికెళ్లే దారులకు ఇంగ్లిష్ అక్షరాలు, అడ్డదారులకు అంకెలు. కూడళ్లలో బోర్డులూ పాతింది. 1952లో ఆక్రమణ ముగిసింది, ఆ పేర్లూ పోయాయి. ఇప్పుడు దారి తప్పిన అమెరికన్ వెళ్లాల్సింది 'కోబాన్'కు, అంటే పేటపేటకూ ఉండే చిన్న పోలీసు గదికి. దారి చెప్పడం అక్కడి పోలీసుల దినచర్యలో భాగం. పోయిన వస్తువులూ అక్కడికే చేరతాయి. 2019లో ఒక్క టోక్యో పోలీసులకే 40 లక్షలకు పైగా వస్తువులు వచ్చాయి.

నాలుగు వేసవుల ముచ్చట

అమెరికాలో వేసవికి ముందు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. ఆక్రమణ కాలంలో ఆ అలవాటును జపాన్‌కూ అంటగట్టారు. 1948 నుంచి 1951 దాకా నాలుగు వేసవులు నడిచింది. తెల్లవారి గంట ముందు లేవడం, చీకటి పడేదాకా పనిచేయడం జనానికి నచ్చలేదు. 1952లో రద్దు చేశారు. అప్పటి నుంచి జపాన్ గడియారం కదల్లేదు. దాంతో న్యూయార్క్‌లో ఉన్న తల్లికి ఫోన్ చేయాలంటే తేడా ఒకప్పుడు 14 గంటలు, ఒకప్పుడు 13. ఏడాదికి రెండుసార్లు లెక్క సరిచేసుకోవాలి.

ఒక్క రాత్రిలో కుడి ఎడమైంది

జపాన్‌లో బండ్లు ఎడమవైపు నడుస్తాయి, అమెరికాలో కుడివైపు. 1972 దాకా అమెరికా పాలనలో ఉన్న ఒకినావా దీవుల్లోనూ కుడివైపే నడిచేవి. జపాన్‌కు తిరిగి అప్పగించాక మరో ఆరేళ్లు అదే సాగింది. 1978 జూలై 30 ఉదయం 6 గంటలకు ఒకినావా మొత్తం ఎడమవైపుకు మారింది. బస్సుల తలుపులు అటు నుంచి ఇటు మార్చాల్సి వచ్చింది, సిగ్నళ్లు, బోర్డులు తిప్పాల్సి వచ్చింది. ఆ తేదీని గుర్తుచేసేలా ఈ మార్పును అక్కడివాళ్లు '730' అనే పిలుస్తారు.

అమెరికా అక్కడ వదిలిన గుర్తులు పళ్లెంలోనూ ఉన్నాయి. మెక్డొనాల్డ్స్ జపాన్‌లో అడుగుపెట్టింది 1971లో. ఒకినావాలో ఏ అండ్ డబ్ల్యూ బర్గర్ దుకాణం 1963లోనే ఉంది. క్యాంప్ హాన్సెన్ స్థావరం పక్కనున్న కిన్ పట్టణంలో 1984లో పుట్టిన టాకో రైస్ అనే వంటకంలో మెక్సికన్ టాకోల్లో పెట్టే కైమా, చీజ్, కూరగాయ ముక్కలను వేడన్నం మీద పరుస్తారు. అమెరికా సైనికుల ఆకలి తీర్చడానికి మొదలైన ఆ వంటకం ఇప్పుడు ఒకినావా బడి భోజనాల్లోనూ కనిపిస్తుంది.

ముందు చోటు, తర్వాత కారు

కారుంటే కాళ్లున్నట్టే అనుకునే దేశం నుంచి వచ్చినవాళ్లకు జపాన్ మొదట అడిగే ప్రశ్న: బండి ఎక్కడ పెడతావు? ఇంటికి 2 కిలోమీటర్ల లోపు సొంతంగానో అద్దెకో చోటున్నట్టు పోలీసుల ధ్రువపత్రం చూపిస్తే తప్ప మామూలు కారు రిజిస్టర్ కాదు. కొత్త కారుకు మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకోసారి ఖర్చుతో కూడిన తనిఖీ చేయించాలి.

ఇరవై ఏళ్లు కారు నడిపినా లైసెన్సు కోసం మళ్లీ పరీక్షకు కూర్చోవాల్సిందే. బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్లకు ఆ పరీక్ష లేదు. అమెరికాలో మాత్రం ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో లెక్క. వాషింగ్టన్, మేరీలాండ్ వంటి కొన్ని రాష్ట్రాలవాళ్లకే మినహాయింపు. ఎర్ర దీపం ఉన్నా ఓసారి ఆగి, దగ్గరి మలుపు తిరిగిపోవడం అమెరికాలో మామూలు. జపాన్‌లో అలా చేస్తే సిగ్నల్ దాటినట్టే.

చెప్పులు విప్పినంత మాత్రాన సరిపోదు

గుమ్మంలో చెప్పులు విప్పాలని ప్రతి అమెరికన్‌కూ తెలుసు. తెలియనిది ఆ తర్వాతి సంగతి. విప్పిన బూట్ల ముక్కులు బయటివైపు ఉండేలా సర్దాలి. ఇంట్లో తిరగడానికి స్లిప్పర్లు వేసుకోవాలి. చాప పరిచిన తతామి గది రాగానే వాటినీ వదలాలి. టాయిలెట్‌లో వేరే స్లిప్పర్లుంటాయి. వాటితోనే మళ్లీ భోజనాల గదిలోకి వచ్చేయడం కొత్తవాళ్ల విషయంలో ఎక్కువగా చెప్పుకునే పొరపాటు. చెప్పులు బయటే వదిలే మనవాళ్లు కూడా ఈ ఆఖరి మెట్టు దగ్గర తడబడొచ్చు.

చెత్తకు టైంటేబుల్

వీధుల్లో చెత్తడబ్బాలు దాదాపు కనిపించవు. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి జరిగాక భద్రత కోసం చాలాచోట్ల తీసేశారు. తాగిన సీసా చేతపట్టుకుని ఇంటిదాకా వెళ్లడమే. ఇంట్లో అసలు పరీక్ష మొదలవుతుంది. కాలేవి, కాలనివి, ప్లాస్టిక్, సీసాలు, డబ్బాలు, కాగితాలు అన్నీ విడివిడిగా పెట్టాలి. ఒక్కోదానికి ఒక్కో రోజు, అదీ ఉదయం చెప్పిన వేళకే. ప్లాస్టిక్ సీసా అయితే మూత తీసి, చుట్టూ ఉన్న లేబుల్ ఊడదీసి, కడిగి పెట్టాలి. తప్పు రోజున పెట్టిన సంచి మీద స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తారు. సోఫా పారేయాలంటే ముందు ఫోన్ చేసి, డబ్బు కట్టి టోకెన్ అంటించాలి. షికోకు దీవిలోని కమికత్సు అనే ఊరు 2003లో 'సున్నా చెత్త' లక్ష్యం ప్రకటించి, తర్వాతి కాలంలో చెత్తను ఏకంగా 45 రకాలుగా విడదీసింది.

ఖాళీ ఇల్లంటే నిజంగా ఖాళీ

అమెరికాలో అద్దె ఇంట్లో స్టవ్, ఫ్రిజ్, దీపాలు ఉండటం మామూలు. జపాన్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో స్టవ్ సరే, పైకప్పుకు దీపం కూడా ఉండదు. చీకట్లోనే అడుగుపెట్టాలి. దిగేముందు అడ్వాన్సుతో పాటు, యజమానికి కృతజ్ఞతగా ఒక నెల అద్దెంత డబ్బు ఇచ్చే ఆచారం చాలాచోట్ల ఉంది. అది తిరిగి రాదు. పూచీ పడే మనిషో, డబ్బు తీసుకుని పూచీపడే కంపెనీయో ఉండాలి. గది కొలత చాపల్లో చెబుతారు. ప్రకటనల్లో ఒక చాపంటే కనీసం 1.62 చదరపు మీటర్లు.

చలికాలంలో ఇల్లంతా వెచ్చగా ఉండే అమెరికా పద్ధతి హొక్కైదో వంటి చలి ప్రాంతాల్లో తప్ప తక్కువ. కింద హీటర్, మీద దుప్పటి ఉన్న పొట్టి బల్ల చుట్టూ చేరి కాళ్లు లోపల పెట్టుకుంటారు. దాని పేరు కొతాత్సు. అక్కడి నుంచి లేచి వరండాలోకి వస్తే అమెరికన్ చలికి వణకాల్సిందే.

పుట్టింది 1990లోనా? రాయండి: హెయిసెయి 2

ప్రభుత్వ కాగితాల్లో చాలావాటిలో సంవత్సరాన్ని చక్రవర్తి పాలన పేరుతో రాయాలి. 1989 దాకా షోవా, తర్వాత హెయిసెయి, 2019 మే నుంచి రెయివా. 2025 అంటే రెయివా 7. పేరు రాసే గళ్లు జపాన్ పేర్లకు సరిపడేలా ఉంటాయి. ముందు పేరు, నడిమి పేరు, ఇంటి పేరు కలిసిన అమెరికన్ పేరు అందులో పట్టదు. బ్యాంకులో ఒకలా, ఫోన్ కంపెనీలో మరోలా నమోదైతే రెండూ ఒకరేనని నిరూపించుకోవాలి. సంతకానికి బదులు ముద్ర అడిగే ఆచారం తగ్గుతోంది. ప్రభుత్వ కాగితాల్లో ముద్రలు తగ్గించే పని 2020లో ఊపందుకుంది.

తేలికైన బిల్లు, బరువైన మందుసీసా

మూడు నెలలకు మించి ఉండే విదేశీయులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. 1961 నుంచి జపాన్‌లో అందరికీ బీమా ఉంది. సాధారణంగా రోగి కట్టేది 30 శాతం. ఏ చికిత్సకు ఎంతో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి పెద్ద ఆసుపత్రిలోనూ చిన్న క్లినిక్‌లోనూ చికిత్స ధర దాదాపు ఒకటే. బిల్లు చూసి అమెరికన్లు ఇంకో కాగితం వస్తుందేమోనని ఎదురుచూస్తారట!

మందుల విషయంలో మాత్రం జపాన్ కటువు. ఏకాగ్రత లోపానికి అమెరికాలో డాక్టర్లు మామూలుగా రాసే అడెరాల్ జపాన్‌లో నిషిద్ధం. డాక్టరు చీటీ ఉన్నా తేకూడదు, తెస్తే అరెస్టే. సూడోఎఫెడ్రిన్ మోతాదు ఎక్కువున్న జలుబు మాత్రలకూ ప్రవేశం లేదు.

ఇంగ్లిష్ మాస్టారు మొదట ఖైదీ

ఇప్పటి ఓరెగాన్ రాష్ట్రంలోని అస్టోరియాలో పుట్టిన రనాల్డ్ మెక్డొనాల్డ్ 1848లో జపాన్ తీరానికి చిన్న పడవలో ఒంటరిగా చేరాడు. విదేశీయులకు తలుపులు మూసేసిన కాలమది. పట్టుకుని నాగసాకి పంపి నిర్బంధించారు. అక్కడ 14 మంది దుబాసీలకు ఇంగ్లిష్ నేర్పాడు. వాళ్లలో ఒకడైన మొరియామా ఆరేళ్ల తర్వాత అమెరికా నౌకాధిపతి పెర్రీతో చర్చల్లో దుబాసీగా ఉన్నాడు.

నేటి మెక్డొనాల్డ్‌లు, అంటే ఇంగ్లిష్ టీచర్లు, బడుల్లో పాఠాలు చెప్పడానికి 'జెట్' అనే పథకం కింద వస్తారు. 1987లో నాలుగు దేశాల నుంచి 848 మందితో మొదలైంది. అందరికన్నా ఎక్కువమంది అమెరికన్లే. బడిలో వాళ్లను ఆశ్చర్యపరిచేది పాఠం కాదు, మధ్యాహ్నం. పిల్లలే తెల్ల టోపీలు పెట్టుకుని అన్నం వడ్డిస్తారు, టీచర్లూ అదే తింటారు. ఆపైన అందరూ చీపురు, గుడ్డ పట్టుకుని గదులు, వరండాలు తుడుస్తారు.

సాయంత్రం మోగే పాట

సాయంత్రం 5 గంటలకు ఊళ్లలో మైకుల నుంచి పిల్లల పాట వినిపిస్తుంది. ఇంటికెళ్లమని పిల్లలకు పిలుపు అనుకుంటారు. అంతకంటే ముఖ్యంగా, భూకంపం, సునామీ హెచ్చరికలు చెప్పే మైకులు పనిచేస్తున్నాయో లేదో చూసుకునే రోజువారీ పరీక్ష అది.

కాలిఫోర్నియా వాళ్లకు భూకంపాలు కొత్తేమీ కాదు. తీవ్రత ఎంతని అడిగితే రిక్టరు అంకె చెబుతారు. జపాన్ టీవీలో ముందుగా కనిపించేది షిందో, అంటే మీరున్న చోట నేల ఎంతగా ఊగిందన్న లెక్క. 0 నుంచి 7 దాకా మొత్తం 10 మెట్లు. 5, 6 అంకెలను రెండేసిగా విడగొట్టారు. ఒకే భూకంపానికి ఊరూరికీ అంకె మారుతుంది. 2007 అక్టోబరు నుంచి, పెద్ద కుదుపు రావడానికి కొన్ని సెకన్ల ముందు జనానికి హెచ్చరిక అందుతోంది.

20 సెకన్లకు క్షమాపణ

2017 నవంబరులో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలొకటి 9 గంటల 44 నిమిషాల 40వ సెకనుకు బయలుదేరాల్సింది 20 సెకన్ల ముందే కదిలింది. కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ప్రయాణికుల నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు! రైలు ఆలస్యమైతే ఆఫీసులో చూపించుకోవడానికి స్టేషన్లో ఆలస్య ధ్రువపత్రం ఇస్తారు. రైలు పెట్టెలో ఫోన్ మాట్లాడటం మర్యాద కాదు.

బరి మీద ఇంగ్లిష్ సందేశం

హవాయిలోని మావి దీవి నుంచి 1964లో వచ్చిన జెస్సీ కుహవులువా సుమోలో తకమియామా అయ్యాడు. కొత్తగా చేరినవాడు తెల్లవారకముందే లేవాలి, సీనియర్లకు వండాలి, వాళ్లు తిన్నాకే తినాలి. అన్నీ భరించి 1972 జూలైలో పై విభాగంలో టోర్నీ గెలిచిన తొలి విదేశీయుడయ్యాడు. అధ్యక్షుడు నిక్సన్ పంపిన అభినందనను బరి మీద ఇంగ్లిష్‌లో చదివారు. 1980లో జపాన్ పౌరసత్వం తీసుకుని, 1986లో సొంత శిక్షణశాల తెరిచాడు. అక్కడ తయారైన హవాయి కుర్రాడే అకెబొనో. 1993లో సుమోలో అత్యున్నత హోదా యొకొజునాను అందుకున్న మొదటి విదేశీయుడు.

కొసరు

• జపాన్ సంస్కృతి మీద ఇప్పటికీ చర్చ నడిచే 'ది క్రిసాంథెమమ్ అండ్ ద స్వోర్డ్' పుస్తకాన్ని 1946లో రూత్ బెనెడిక్ట్ ప్రచురించారు. ఆమె జపాన్ వెళ్లనేలేదు.

• హోటల్లో టిప్పు వదిలితే మరిచిపోయారనుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇస్తారు. కానీ మద్యం దొరికే ఇజకాయాల్లో అడగకుండానే ఓ చిన్న గిన్నెలో తినుబండారం వస్తుంది. దానికి డబ్బు కట్టాలి.

• వేడినీళ్ల తొట్టి కడుక్కోవడానికి కాదు. ముందు బయట కూర్చుని ఒళ్లు రుద్దుకుని, శుభ్రమయ్యాకే దిగాలి. ఇంటిల్లిపాదికీ అదే నీరు.

• ఫిబ్రవరి 14న చాక్లెట్లు ఇచ్చేది ఆడవాళ్లు. మగవాళ్లు బదులు తీర్చాల్సింది మార్చి 14న.

• పిట్స్‌బర్గ్‌లో పుట్టిన జెరో అనే నల్లజాతి గాయకుడు జపాన్ సంప్రదాయ ఎన్‌కా పాటలతో 2008లో అడుగుపెట్టి, ఆ ఏడాదే ఉత్తమ కొత్త గాయకుడి అవార్డు గెలిచాడు. ఆ పాటలు నేర్పింది జపాన్ నుంచి వచ్చిన అమ్మమ్మ.

• న్యూయార్క్‌లో పుట్టిన సాహిత్య పండితుడు డోనాల్డ్ కీన్, 2011 సునామీ తర్వాత విదేశీయులు వెళ్లిపోతుంటే తాను అక్కడే ఉంటానని ప్రకటించి, 2012లో జపాన్ పౌరసత్వం తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 89. జపాన్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు.

• కీన్‌లా పౌరసత్వం మార్చుకోని అమెరికన్లు జపాన్‌లో ఎన్నేళ్లున్నా ఏటా అమెరికాకు పన్ను లెక్క చెప్పాల్సిందే. ఎక్కడ నివసిస్తున్నా పౌరుడైతే చాలు లెక్క అడిగే దేశం అమెరికా కాకుండా చెప్పుకోదగ్గది ఎరిత్రియా ఒక్కటే. అమెరికా పౌరసత్వం తీసుకుని హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చిన తెలుగువాళ్లకూ ఇదే నిబంధన.